నిన్నటి మనిషికీ నేటి మనిషికీ తేడా

కల్లు ఆగిన రోజులు

2015 సెప్టెంబరులో ఉమ్మడి మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో జనాన్ని హడలెత్తించిన సంఘటనలు జరిగాయి. నిన్నటిదాకా పొలానికీ కూలికీ పోయినవాళ్ళు నిలబడలేక తూలిపోతున్నారు. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. కొందరు ఎదురుగా ఎవరూ లేకపోయినా మాట్లాడుతున్నారు. కొందరికి ఫిట్స్ వస్తున్నాయి. ఇంటివాళ్ళు భయపడి ఆసుపత్రులకు పట్టుకొచ్చారు. చూసినవాళ్ళకు ఊళ్ళకు ఊళ్ళే మతి తప్పాయేమో అనిపించింది.

అసలు సంగతి కల్లు దుకాణంలో ఉంది. ఆ రోజుల్లో ఆబ్కారీ శాఖ కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసింది. కల్తీ కల్లులో చెట్టు నుంచి దిగింది కొంతే. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలుపుతారు. ఏళ్ళ తరబడి పొద్దుగూకగానే దాన్ని తాగిన ఒంటికి ఆ మందు ఒక్కసారిగా అందకుండా పోయింది.

మన మెదడులో నాడీకణాల ఉరుకును అదుపు చేసే రసాయనం ఒకటుంది. దాని పేరు గాబా. బండికి బ్రేకు ఎలాంటిదో మెదడుకు అది అలాంటిది. అల్ప్రాజోలం ఆ బ్రేకును మరింత గట్టిగా తొక్కుతుంది. అందుకే భయం తగ్గి మత్తు కమ్ముతుంది. నెలల తరబడి ఇలా సాగితే మెదడు ఆ మందుకు అలవాటుపడి సొంత బ్రేకును సడలించుకుంటుంది. ఒకనాడు మందు హఠాత్తుగా ఆగితే బయటి బ్రేకు ఉండదు, లోపలి బ్రేకు పట్టదు. వణుకు, చెమటలు, నిద్రలేమి, భ్రమలు, ఫిట్స్ అన్నీ ఆ అదుపు తప్పిన ఉరుకు ఫలితాలే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు, మద్యం దుకాణాలు మూతపడినప్పుడు కూడా ఇవే లక్షణాలతో జనం హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి బారులు తీరారు.

మానసిక రుగ్మతల లక్షణాలను గుర్తించడం గురించిన అధ్యాయాన్ని కల్లుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. బయటికి ఒకేలా కనిపించే ప్రవర్తన వెనుక వేరువేరు కారణాలు ఉంటాయి. పేరు పెట్టడం డాక్టరు పని. మన పని అంతకుముందుది. ఏం మారింది, ఎప్పటి నుంచి మారింది, దానికి ముందు ఏం జరిగింది? ఈ మూడూ గమనించి చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఎవరితో పోల్చాలి?

కొందరు పుట్టుకతోనే మితభాషులు. కొందరు ఎప్పుడూ గలగల మాట్లాడతారు. ఒకరికి కోపం ముక్కు మీద ఉంటుంది, ఇంకొకరు ఎంత అన్నా ఉలకరు. వీటిలో ఏదీ జబ్బు కాదు. అందుకే ఒక మనిషిని పక్కవాడితో పోల్చి చూస్తే ఏమీ తేలదు. నిన్నటి ఆ మనిషితోనే పోల్చాలి. నిద్ర, తిండి, పని, మాట, ఈ నాలుగింటిలో వచ్చిన మార్పు, అది ఎన్ని రోజులుగా సాగుతోంది, బతుకును ఎంత కుంటుపరుస్తోంది అన్నవి ప్రధానమైన కొలతలు.

ఈ కొలతకు హైదరాబాదు పక్కన పరిశ్రమలు నిండిన పటాన్‌చెరు ప్రాంతంలో ఒక చిక్కు వచ్చి పడింది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1970ల నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. తరువాత పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి, ఖాజీపల్లి చుట్టూ మందుల, రసాయనాల పరిశ్రమలు విస్తరించాయి. మొదట చుట్టుపక్కల పల్లెల రైతుబిడ్డలు కార్మికులయ్యారు. ఇవాళ ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు ఇస్నాపూర్ వంటి చోట్ల రేకుల గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటున్నారు.

ఊళ్ళో ఉంటే కొడుకు అన్నం సగంలో వదిలేసి లేచినా అమ్మ పసిగడుతుంది. ఇక్కడ అమ్మకు రెండు నిమిషాల ఫోను మాట తప్ప ఏమీ తెలియదు. "బాగానే ఉన్నా" అన్న మాట అంత దూరం నుంచి బాగానే వినిపిస్తుంది. ఆ మనిషి నిన్న ఎలా ఉన్నాడో ఇక్కడ ఎరిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు గదిలో పక్క పరుపు మీద పడుకునేవాడు, రెండోవారు షిఫ్టులో పక్క మెషిన్ దగ్గర నిలబడేవాడు. ఈ అధ్యాయం ముందుగా వాళ్ళ కోసం.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. పది మంది పనిచేసే చోట ఒకరికి అవసరం ఉండవచ్చన్నమాట.

నిద్ర ఇచ్చే మొదటి కబురు

కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటుకు కాస్త పైన, మెదడులో సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంది. ఒంటి గడియారం అదే. వెలుతురును బట్టి రాత్రీ పగలూ లెక్కగట్టి నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు అన్నింటికీ వేళలు నిర్ణయిస్తుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. వారం వారం షిఫ్టు మారే కార్మికుడి విషయంలో ఈ గడియారం ఒక వేళ చెబుతుంది, ఫ్యాక్టరీ సైరన్ మరో వేళ చెబుతుంది. నైట్ డ్యూటీ దిగి ఏప్రిల్ ఎండలో రేకుల కింద పడుకున్నవాడికి నిద్ర సరిగా పట్టకపోవడం జబ్బు కాదు, ఆ బతుకు తెచ్చిన అవస్థ.

మరి జబ్బును ఎలా విడదీయాలి? సెలవు దొరికి చల్లటి చోట పడుకున్నా నిద్ర రాకపోతే ఒక సంకేతం. ఏ షిఫ్టులో ఉన్నా మామూలుగా లేచే వేళకు రెండు గంటల ముందే మెలకువ వచ్చి, మనసు భారంగా, ఈ రోజు ఎలా గడుస్తుందిరా అనిపిస్తే అది కుంగుబాటుకు బలమైన సూచన. దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకొకటుంది. రెండు మూడు గంటలే పడుకుంటాడు, అయినా అలసట ఉండదు. మాట వేగం పెరుగుతుంది, ఒక మాట పూర్తి కాకముందే ఇంకొకదానిలోకి దూకుతాడు. చేతిలో డబ్బు నిలవదు, తానే కంపెనీ పెడతానంటాడు, అడ్డు చెబితే మండిపడతాడు. ఇలా వారం రోజులు సాగితే అది ఉత్సాహం కాదు, ఉన్మాద దశ. నిద్ర లేక నీరసించేవాడూ, నిద్ర లేకున్నా ఉరకలెత్తేవాడూ ఇద్దరికీ డాక్టరు కావాలి. కానీ ఇద్దరి మందులూ వేరు. కుంగుబాటుకని ఇచ్చే మందు రెండోవాడికి ఒక్కోసారి జబ్బును ఎగదోస్తుంది.

రంది

తెలంగాణలో రంది అనే మాట ఉంది. "వాడు రంది పెట్టుకున్నడు" అంటారు. దిగులు, బెంగ, లోలోపలే తొలిచే ఆలోచన అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అప్పు వల్ల, పెళ్ళి వల్ల, ఇంటి మీద బెంగ వల్ల రంది ఎవరికైనా వస్తుంది. కారణం తీరినప్పుడో, నలుగురితో కలిసినప్పుడో కాస్త తేలికపడుతుంది.

రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువ సేపు అదే దిగులు ఉండి, ఇష్టమైనవేవీ ఇష్టంగా అనిపించకపోతే అది కుంగుబాటు కావచ్చు. క్రికెట్టు పేరు చెబితే పరిగెత్తేవాడు ఆదివారం గోడకు తిరిగి పడుకుంటాడు. ఆకలి పోతుంది లేదా మరీ పెరుగుతుంది. చిన్న పని కూడా కొండలా తోస్తుంది. తెలిసిన మీటరు రీడింగే రెండుసార్లు తప్పు రాస్తాడు. అన్నిటికీ తనదే తప్పంటాడు, తన వల్ల ఇంటికి భారమేనంటాడు.

మన దగ్గర కుంగుబాటు చాలాసార్లు "మనసు బాగాలేదు" అనే మాటతో రాదు. ఒళ్ళు నొప్పులు, తల బరువు, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, గ్యాస్, నీరసం అంటూ వస్తుంది. ఆ నొప్పి నాటకం కాదు. నొప్పికీ దిగులుకూ సంబంధించిన నాడీ మార్గాలు మెదడులో పెనవేసుకుని ఉంటాయి. ఊరి ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కిస్తాడు, రెండు రోజులు బాగున్నట్టుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. పరీక్షలన్నీ బాగున్నా నొప్పి నెలల తరబడి వదలకపోతే నిద్ర గురించీ మనసు గురించీ అడగాల్సిన సమయం వచ్చిందన్నమాట.

మగవాళ్ళలో కుంగుబాటు మరో వేషం కూడా వేస్తుంది. కన్నీళ్ళకు బదులు చిరాకు, గొడవలు, తాగుడు పెరుగుతాయి. మునుపు పండుగకు మాత్రమే తాగేవాడు రోజూ తాగుతుంటే, తాగుడు వల్ల పాడయ్యాడని తేల్చేముందు, ఏ బాధకు తాగుతున్నాడో ఆలోచించాలి.

బుగులు

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో భారీ పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాలవాళ్ళు. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న దేహాలను డీఎన్‌ఏ పరీక్షలతో పోల్చుకోవాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు.

అలాంటి చోటు నుంచి బయటపడినవాళ్ళకూ, శిథిలాలు తొలగించినవాళ్ళకూ, ఆసుపత్రి గేటు దగ్గర రోజుల తరబడి ఎదురుచూసినవాళ్ళకూ తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, ఏడుపు, మొద్దుబారినట్టు ఉండటం సహజం. చాలామంది మెల్లగా కోలుకుంటారు. నెల దాటాక కూడా అదే దృశ్యం కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు ఉండటం, పీడకలలు, బాయిలర్ ఆవిరి చప్పుడుకో టైరు పేలిన శబ్దానికో గుండె జారిపోవడం, ఆ దారినే పోకుండా చుట్టు తిరిగి పోవడం సాగుతుంటే దాన్ని మామూలు భయం, బుగులు అని వదిలేయకూడదు. ప్రమాదం అయిపోయిందన్న సంగతి మెదడులోని భయకేంద్రానికి ఇంకా చేరలేదని అర్థం. దీనికి మాటల ద్వారా చేసే చికిత్సలు బాగా పనిచేస్తాయి.

దేహం దొరకని కుటుంబాల బాధ ఇంకా లోతైనది. కర్మ చేయడానికి చేతులు రావు, ఫోను మోగితే వాడేనేమో అనిపిస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త పౌలిన్ బాస్ దీన్ని తేలని నష్టంగా వివరించారు. ఆ కుటుంబాలను "ఇంక మరచిపోండి" అని తొందరపెట్టడం గాయాన్ని పెంచుతుంది.

ఏ ప్రమాదమూ లేకుండానే ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చెమటలు పట్టి, ప్రాణం పోతుందన్నంత భయం వచ్చి, పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తరువాత తగ్గిపోవడం పానిక్ అటాక్. మొదటిసారి వస్తే గుండె పరీక్ష తప్పక చేయించాలి. గుండె బాగుందని తేలాక కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి.

గాలి, బాణామతి

1980ల తొలినాళ్ళలో ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం చెలరేగింది. కొందరు స్త్రీలు ఉన్నట్టుండి పడిపోయేవారు, కుక్కలా అరిచేవారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి పళ్ళు ఊడగొట్టిన దారుణాలు జరిగాయి. హేతువాదులు, వైద్యులు ఆ ఊళ్ళకు వెళ్ళి చూశారు. నోటితో చెప్పుకోలేని బాధ ఒంటి భాషలో బయటపడటం మానసిక వైద్యానికి బాగా తెలిసిన సంగతి. ఆ స్త్రీలు నటించలేదు. వారికి కావలసింది వైద్యం, ఊరడింపు. ఊరు మాత్రం నేరస్థుణ్ణి వెతికింది.

గాలి సోకిందనే మాట కింద ఇవాళ్టికీ దాగిపోతున్న మరో జబ్బు స్కిజోఫ్రీనియా. సాధారణంగా 15 నుంచి 35 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. సరిగ్గా ఊరు వదిలి పనికి వచ్చే వయసది. అరుపులూ గంతులూ ఆఖరి దశ. అంతకు ఎన్నో నెలల ముందే మనిషి ముడుచుకుపోతాడు. స్నానం మానేస్తాడు, నలుగురి మధ్యకు రాడు, తనలో తాను నవ్వుకుంటాడు. తరువాత ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు చెవుల్లో వినిపిస్తుంది, అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలుగు రాని ఒడియా కుర్రవాడి ముందు నలుగురు తెలుగులో మాట్లాడుకుని నవ్వితే తన గురించేనేమో అనుకోవడం సహజం. విషయం విప్పి చెబితే ఆ అనుమానం పోతుంది. ఎంత చెప్పినా, ఎన్ని రుజువులు చూపినా సడలకపోగా చెప్పినవాడిని కూడా శత్రువుల్లో చేర్చేది జబ్బు తెచ్చిన భ్రమ. దానితో వాదించి లాభం లేదు, వెక్కిరిస్తే ప్రమాదం. "నీకు భయంగా ఉంది కదా, డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా" అంటే చాలాసార్లు వస్తాడు. 1952లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడకంలోకి వచ్చినప్పటి నుంచి ఈ భ్రమలను మందులతో తగ్గించగలుగుతున్నాం. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

సోయి ఉందా?

కల్లు ఆగినప్పటి సంగతి పక్కన పెడితే, ఇంతవరకూ చెప్పిన జబ్బుల్లో సాధారణంగా మనిషికి సోయి ఉంటుంది. తానెక్కడున్నాడో, ఇది పగలో రాత్రో తెలుస్తుంది. సోయి తప్పి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మనిషి మారిపోయి, కాసేపు బాగుండి కాసేపు అయోమయంలో పడుతుంటే, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేతులతో దులుపుతుంటే ముందుగా ఒంటి జబ్బును అనుమానించాలి. మెదడు జ్వరం, షుగరు పడిపోవడం, తలకు దెబ్బ, కల్లో సారానో ఆగిపోవడం, ఇవన్నీ అత్యవసరాలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోజూ తాగేవాడు మానాలనుకుంటే మంచిదే, కానీ సొంతంగా ఒక్కరోజులో ఆపకూడదు. డాక్టరు మందులిచ్చి మెల్లగా మాన్పిస్తాడు. నలభై దాటినవాడికి అంతకుముందెన్నడూ లేని వింత ప్రవర్తన హఠాత్తుగా వచ్చినా ఒంటి పరీక్షలే ముందు.

రసాయనాలూ ఈ వరుసలోకే వస్తాయి. 1856లో పారిస్ వైద్యుడు ఆగస్ట్ డెల్పెష్, రబ్బరు పనిలో కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి పీల్చిన కార్మికుల్లో తలనొప్పి, మతిమరుపు, పట్టరాని కోపం, ఉన్మాదం వంటి లక్షణాలను వర్ణించాడు. మందుల పరిశ్రమల్లో వాడే టొలుయీన్ వంటి ద్రావకాల ఆవిరి కూడా మెదడును తాకుతుంది. తల తిరుగుడు, మత్తు, చిరాకు, జ్ఞాపకం మందగించడం కలుగుతాయి. పట్టుకోవడానికి ఒక ఆనవాలుంది. వారపు సెలవు రోజు తగ్గి, డ్యూటీ ఎక్కగానే తిరగబెట్టినా, ఒకే సెక్షన్‌లో ముగ్గురు నలుగురికి అదే ఇబ్బంది వచ్చినా గాలిని పరీక్షించాలి. అలాంటప్పుడు కార్మికుడికి మాత్రలిచ్చి అదే గాలిలోకి పంపడం వైద్యం అనిపించుకోదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ సెక్షన్‌లో, ఏ రసాయనంతో పని చేస్తున్నదీ తప్పకుండా చెప్పాలి.

అడగాల్సిన మాట

"అన్నా, నెల రోజులకెల్లి నువ్వు మునుపటి లెక్క లేవు. నిద్ర పడ్తలేదా?" మొదలుపెట్టడానికి ఈ ఒక్క మాట చాలు. తరువాత మనం తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. "గట్టిగుండు, మగోడివి" అనే మాటలు నోరు మూయిస్తాయి.

చావు ప్రస్తావన తెచ్చినా, దాచుకున్న వస్తువులు పంచిపెడుతున్నా, అందరికీ అప్పగింతలు చెబుతున్నా సూటిగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వచ్చి గుండె బరువు తగ్గుతుంది. అవునంటే అతణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఆ రాత్రికి ఎవరో ఒకరు పక్కనే ఉండి, తెల్లవారేసరికి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పరిస్థితి చేయి దాటేలా ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు.

2022 అక్టోబరులో మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగు, హిందీతో పాటు అనేక భారతీయ భాషల్లో మాట్లాడతారు. తెలుగు రాని కార్మికుడికి ఇది పెద్ద ఆసరా. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకు మానసిక చికిత్స కూడా ఆ హక్కులో భాగమే. తీవ్రమైన మానసిక జబ్బులు ఈఎస్ఐ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉన్నాయి. నిబంధనల మేరకు అర్హత ఉంటే సెలవు కాలంలో వేతనంలో 80 శాతం దాకా అందుతుంది. జీతం పోతుందని జబ్బు దాచుకునేవాడికి ఈ సంగతి చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

ఎర్రగడ్డకు పంపాలి అన్నది మన దగ్గర తిట్టుగా మారింది. నిజానికి అక్కడి ఓపీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మందులు తీసుకుని అదే రోజు ఇంటికి తిరిగిపోతారు. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను ప్రతి వ్యక్తి హక్కు చేసింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలనీ, వారికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పింది.

ఈ మందులన్నీ మత్తువేననీ, అలవాటు పడతామనీ ఇంకో భయం. అల్ప్రాజోలం వంటి వాటికి అలవాటు పడే మాట నిజం. అందుకే వాటిని చీటీ లేకుండా దుకాణంలో కొని మింగకూడదు. కుంగుబాటుకు ఇచ్చే మందులు ఆ రకం కావు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే గుణం కనిపించలేదని మానేయకుండా చూడటం తోడున్నవాళ్ళ పని.

ఇది చదువుతున్న మీకు ఒక విన్నపం. ఈ రాత్రి గదికి చేరాక, లేదా రేపు షిఫ్టులో నిలబడ్డాక, మీ పక్కనున్న మనిషి నెల కిందట ఎలా ఉండేవాడో ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. తేడా కనిపిస్తే అడగండి. ఇంత దూరం వచ్చి పనిచేస్తున్న అతడికి ఇక్కడ ఉన్నది మీరే.